పాత క్యాంపస్‌లో ఉప్పునీళ్ళ గది

మా ఊళ్ళో ఒక ప్రైవేటు పరిశోధనా విశ్వవిద్యాలయం ఉంది. నందిని గనులకు వెళ్ళే రోడ్డు మీద, వరిచేల మధ్య దాని కొత్త క్యాంపస్ లేచింది. ఆ గేటు ఎంత ఎత్తంటే మా స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసును నిలబెట్టినది నిలబెట్టినట్టే లోపలికి తోసుకుపోవచ్చు. సరే, అంత లేదు. గడ్డి లారీ పడుతుంది, పైన కూర్చున్నవాడు తల వంచుకోవాలి. కానీ భిలాయిలో ఇంత పాలరాయి కట్టుకున్న గేటు ఇంకొకటి లేదన్నది మాత్రం నిజం.

పాత క్యాంపస్ రిసాలిలో, మా ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో ఉంది. రెండంతస్తుల అద్దె మేడ. విశ్వవిద్యాలయం రాకముందు అందులో ఫర్నిచర్ షోరూము ఉండేది. గోడకి ఎన్ని పూతలు వేసినా మెట్ల మలుపులో ఒక సోఫా బొమ్మ నీడలాగా ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. మూడో క్యాంపస్ వేరే రాష్ట్రంలో ఉందంటారు. నేను చూడలేదు. నేను అడిగినవాళ్ళెవరూ చూడలేదు.

అయినా ఈ విశ్వవిద్యాలయాన్ని నా ముందు ఎవరైనా తేలిక చేసి మాట్లాడితే ఊరుకోను. మా మనవరాలు అక్కడ పరిశోధన చేస్తోంది. టీ కొట్టు దగ్గర ప్రతి ఉదయం నాకు ఈ విషయం మీద యుద్ధం జరుగుతుంది. ప్రత్యర్థి మా వీధిలోనే ఉండే బావ. చుట్టరికమేమీ లేదు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే, ఒకే రైలెక్కి ఒకే ప్లాంటుకి వచ్చినవాళ్ళం, అంచేత బావా అంటే బావా అనుకుంటాం. ఆయన కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరయ్యాడు. ఆయన మనవడికి ప్రభుత్వం వారి పెద్ద ఇంజనీరింగ్ సంస్థలో సీటొచ్చింది. ఆ సీటు వచ్చిన రోజు నుంచి బావ టీ తాగేటప్పుడు కూడా నిటారుగా కూర్చుంటాడు.

"మావోడిది కాలేజీ బావా. మీ గుంటది సోఫాల కొట్టు," అంటాడు.

నేను తగ్గుతానా? "బ్లాస్ట్ ఫర్నేసు నడిపిన చేతులివి. ఏది కాలేజీయో ఏది కొట్టో నాకు తెలీదేటి?" అంటాను.

కొట్టు దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ మాట నమ్మి నా వైపు గౌరవంగా చూస్తారు. నిజానికి నేను ఆ ఫర్నేసు ముఖం దగ్గరగా చూసింది విశ్వకర్మ పూజ రోజుల్లోనే. నా ఉద్యోగం పంపు హౌసులో. ఫర్నేసు ఒంటి చుట్టూ ఎప్పుడూ చల్లటి నీళ్ళు తిరుగుతూ ఉండాలి, లేకపోతే లోపలి ఇనుముతో పాటు ఫర్నేసు కూడా పాడవుతుంది. ఆ నీళ్ళు పంపే పంపుల దగ్గర కూర్చునేవాళ్ళలో నేనొకణ్ణి. కాబట్టి నడిపాననడం పూర్తిగా అబద్ధం కాదు. కొంచెం దూరం నుంచి నడిపాను.

మనవరాలంటే మా అమ్మాయి కూతురు. దాని అమ్మానాన్నలు చరోదా రైల్వే కాలనీలో ఉంటారు, అల్లుడికి యార్డులో షిఫ్టు డ్యూటీ. రోజూ అక్కణ్ణుంచి రావడం కష్టమని పిల్ల మా దగ్గరే ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి కోపమొస్తే హిందీ, ఆకలేస్తే తెలుగు. రెండూ ఒకేసారి వస్తే మా ఆవిడకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

అది చేసే పని చెప్తాను, నాకు అర్థమైనంతవరకు. ఉక్కు రేకు మీద రంగు వేస్తే తుప్పు పట్టదు. కానీ ఎక్కడో ఒకచోట గీత పడుతుంది, అక్కణ్ణుంచి తుప్పు రంగు కిందికి మెల్లగా పాకుతుంది. ఎంత మెల్లగా, ఏ రంగు కింద ఎంత దూరం అన్నది దాని ప్రశ్న. అందుకని చిన్న చిన్న ఉక్కు పలకలకు రకరకాల రంగులు వేసి, ఎండాక, ఇంత బుద్ధిగా వేసిన రంగు మీద బ్లేడు పెట్టి కావాలని గీస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నా ప్రాణం చివుక్కుమంది. తర్వాత వాటిని నైలాను దారాలతో గాజు తొట్టెల్లో వేలాడదీస్తుంది. అచ్చం చేపల తొట్టెల్లాగే ఉంటాయి, ఆరు. వాటిల్లో గోరువెచ్చని ఉప్పునీళ్ళు. నా మోకాళ్ళకు మా ఆవిడ చేసే వైద్యం కూడా అదే. కాకపోతే నాకు పది నిమిషాలు, ఆ పలకలకు నెలల తరబడి.

ఆ వేడి ఆగకూడదు, పలకలు ఆరకూడదు. ఆరితే గాలి తగిలి తుప్పు వేరే దారి పడుతుంది, అప్పటిదాకా కొలిచినదంతా పనికిరాదు. ఈ ఏడాది హోలీ వెళ్ళాక మొదలుపెట్టింది. దసరా దాకా ఆగకుండా నడవాలి. అలా నడిస్తే మిగిలిన నెలల్లో రాసుకుని, వచ్చే వేసవికి ఇచ్చెయ్యవచ్చు. వేసవితో దానికి ఇచ్చిన గడువు అయిపోతుంది. మధ్యలో తొట్టెలు ఆగితే మళ్ళీ మొదటికి పోవాలి, మొదటికి పోతే గడువు చాలదు, గడువు దాటితే డాక్టరేటు లేదు. అప్పుడు చరోదా వెళ్ళి బ్యాంకు పరీక్షలకు చదువుకోవాలని వాళ్ళమ్మ ముందే చెప్పి ఉంచింది. ఆ పిల్ల నాలుగేళ్ళ పనంతా ఆ ఆరు తొట్టెల మీదే ఆధారపడి ఉంది.

వానలు మొదలయ్యాక ఆర్డరు వచ్చింది. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి ఒక బృందం తనిఖీకి వస్తుందట. వాళ్ళకు లేబొరేటరీలన్నీ కొత్త క్యాంపస్‌లో, ఒక్కచోటే కనిపించాలట. కాబట్టి సోమవారం లారీ వస్తుంది, పాత క్యాంపస్ మొత్తం ఖాళీ. మా పిల్ల కొత్త క్యాంపస్‌కి పోయి తన గది చూసుకుని వచ్చింది. కిటికీలున్నాయి, పాలరాయి ఉంది, గుమ్మం మీద అక్షరాలున్నాయి. స్విచ్‌బోర్డు ఉండాల్సిన చోట రెండు వైర్లు గోడలోంచి తొంగి చూస్తున్నాయి. దసరా దాకా ఆ ఒక్క గది ఉండనివ్వమని అది రిజిస్ట్రారును అడిగింది. అక్కడికి వచ్చి మళ్ళీ మొదలుపెట్టుకో, ఏముంది ఉప్పూ నీళ్ళే కదా అన్నాడట. దాని పరిశోధనకు దారి చూపించే మేడమ్ పురిటి సెలవులో ఉంది. ఆవిడ ఫోన్లో జాలిపడి, గొడవ పెట్టుకోకమ్మా అంది.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఆవిడ అన్నం తినమంటే, ఛోడో అమ్మమ్మా అంది, వదిలెయ్యమని. నేను వెళ్ళి మంచం చివర కూర్చున్నాను.

"తొట్టెలు ఎవరికి అప్పజెప్పి వొచ్చేవు?" అన్నాను.

"ఎవరికీ లేదు. రేపు వాళ్ళే స్విచ్ తీసేస్తారు."

"చార్జి ఎవుడూ తీసుకోకండా నువ్వు దిగొచ్చీడమేటే?"

"తాతా, అది మీ పంపు హౌస్ కాదు."

"నీళ్ళున్నాయి. వేడుంది. ఆగకూడదు. మరేటి తేడా?"

అది ఇటు తిరగలేదు. కానీ మోచెయ్యి కదిలింది. వింటోందని తెలిసింది.

ప్లాంటులో పనిచేసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పాలి. షిఫ్టు అయిపోయిందని సైరన్ మోగితే మా డ్యూటీ అయిపోదు. మన రిలీవరు రావాలి. వచ్చి పంపు మీద అరచెయ్యి ఆనించి, బేరింగు వేడిగా ఉందో లేదో చూసి, చెవి పెట్టి విని, నీటిమట్టం చూడాలి. మన షిఫ్టులో మనం ఏం చేశామో, ఏం తిప్పామో, ఏం పాడుచేశామో అంతా నోటితో చెప్పాలి. దాచకూడదు. దాస్తే వచ్చేవాడి ప్రాణం మీదికి వస్తుంది. అంతా విని వాడు, లే లియా, అంటాడు. తీసుకున్నాను అని. అప్పుడు మనం కదలొచ్చు. వాడు రాకపోతే కదలడానికి లేదు. రిలీవరు రాక నేను మూడు రోజులు పంపు దగ్గరే ఉండిపోయాను ఒకసారి, వానలకు దారులు మునిగిపోయి. మూడు రోజులు కాదు. ఒక డబుల్ డ్యూటీ. అందులోనూ కొంతసేపు కునికాను. కానీ కదల్లేదు.

"రేపు పొద్దున్న నేనొచ్చి కూకుంటాను," అన్నాను పిల్లతో. "ఎవుడొచ్చి తీసుకుంటాడో చూద్దారి."

వంటింట్లోంచి మా ఆవిడ అంది: "మీకు డ్యూటీ కావాలి, దానికి డిగ్రీ కావాలి. రెండూ కలిపీకండి."

ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

సాయంత్రం బావకు చెప్పాను. ఒక్కణ్ణే కూర్చుంటే ఈ వయసులో అరగంటకోసారి లేవాల్సిన అవసరం ఉంటుంది, లేస్తే గది ఖాళీ అవుతుంది, అంచేత నాకు రిలీవరు కావాలి అన్నాను. బావ చాలాసేపు నవ్వాడు. సోఫాల కొట్టుకి కాపలాయా అన్నాడు. తన మనవడి సంస్థలో అయితే ఇలాంటివి జరగవన్నాడు. ఆఖరికి గ్లాసు కింద పెట్టి, ఏ షిఫ్టు అని అడిగాడు.

సోమవారం ఉదయం మడతకుర్చీ ఒక చేత్తో, మా ఆవిడ పులిహోర పెట్టిన క్యారియర్ ఇంకో చేత్తో పట్టుకుని పాత క్యాంపస్‌కి వెళ్ళాను. గేటు దగ్గర గార్డు ఛత్తీస్‌గఢీ మనిషి. లోపలికి ఎందుకని అడిగాడు. నేను ప్లాంటు నుంచి వచ్చిన ఉక్కు నిపుణుణ్ణని, తనిఖీ బృందం కంటే ముందు నన్ను పంపించారని హిందీలో చెప్పాను. అతను నా చెప్పుల వైపు చూశాడు. రోజూ ఈ వీధిలోనే కదా బబా మీరు పాల ప్యాకెట్ తీసుకెళ్ళేది, అన్నాడు. సరే అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను కూడా ఒకప్పుడు ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా చేశాడట. రిలీవరు మాట వినగానే గేటు తీశాడు.

పిల్ల నన్ను చూసి తల పట్టుకుంది. కానీ వెళ్ళిపొమ్మనలేదు. కొత్త క్యాంపస్‌కి పోయి రిజిస్ట్రారును ఇంకొక్కసారి అడిగి వస్తానంది. వెళ్ళే ముందు, తాతా, దేన్నీ ముట్టుకోకు అంది. హిందీలో అంది. తెలుగులో కూడా అంది.

అది వెళ్ళాక గదిలో నేనూ తొట్టెలూ మిగిలాం. అద్దాల మీద సన్నగా ఆవిరి. హీటర్లు చిన్నగా రొద పెడుతున్నాయి. రిటైరయ్యాక ఇన్నేళ్ళకు నా ముందు ఆగకూడనిది ఒకటి నడుస్తోంది. ఆ సుఖం నేను వర్ణించలేను. అందుకే కాబోలు, చెయ్యి దానంతటదే వెళ్ళి మొదటి తొట్టె అద్దం మీద ఆనుకుంది. ముట్టుకోవడం అంటే ఇది కాదులే అనుకున్నాను. రెండోది, మూడోది. అన్నీ సమంగా వెచ్చగా ఉన్నాయి. ఆరో తొట్టె, నా కుర్చీ పక్కనే ఉన్నది, నీళ్ళు గీతకు కిందికి దిగి ఉన్నాయి. చిటికెన వేలంత.

నీటిమట్టం గీత దిగితే పంపు హౌసు మనిషి ఆగడు. కారణం అడగడు. ఫోను చెయ్యడు. ముందు నింపుతాడు. నా సర్వీసంతా అదే నేర్పారు, అదే చేశాను. గది మూలన ఒక తెల్ల డబ్బాలో నీళ్ళలాంటివి ఉన్నాయి. దాని మీద ఇంగ్లీషులో ఏదో ఉంది, కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఆసిడ్ అయ్యుంటుందని దాని జోలికి పోలేదు. చూడండి నా జాగ్రత్త. వరండాలో కుళాయి ఉంది. క్యారియర్ పై గిన్నె ఖాళీ చేసి, కడిగి, రెండు గిన్నెల మంచినీళ్ళు పోశాను. నీళ్ళు గీత తాకాయి. మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

బావ చెప్పిన వేళకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, డ్యూటీకి వచ్చినట్టే. గది గుమ్మంలో చెప్పులు విడిచి, తొట్టెల ముందు నిలబడి, వాటిల్లో వేలాడుతున్న పలకల్ని వంగి చూశాడు. ఎగతాళి మాట ఏదో వస్తుందని చూశాను. రాలేదు. అరచెయ్యి ఒక్కొక్క అద్దం మీదా ఆనించుకుంటూ వచ్చాడు. తర్వాత నా వైపు తిరిగి, సెప్పు, అన్నాడు.

నేను లేచి నిలబడి అప్పజెప్పాను. ఆరూ నడుస్తున్నాయి. హీటర్లు బాగున్నాయి. లారీ ఇంకా రాలేదు. ఆఖరి తొట్టెలో లెవెలు తగ్గితే నీళ్ళు పోసేను.

"ఏ నీళ్ళు?"

అడిగింది బావ కాదు. పిల్ల గుమ్మంలో ఉంది. రిజిస్ట్రారు దగ్గర్నుంచి ఉత్తచేతులతో ఎప్పుడు తిరిగొచ్చిందో మేం చూసుకోలేదు.

"కుళాయివే. మంచినీళ్ళు," అన్నాను.

బల్ల సొరుగులోంచి పెన్నులాంటి సాధనం ఒకటి తీసి ఆరో తొట్టెలో ముంచింది. చూసి, తుడిచి, మళ్ళీ ముంచింది. మూలనున్న తెల్ల డబ్బాలోవి తను రోజూ పోసే నీళ్ళట. ఆవిరైపోయినంత మేరకు అవే పోయాలి. అందులో ఏ లవణమూ ఉండదు. కుళాయి నీళ్ళలో ఏమేమి ఉంటాయో ఎవరికీ తెలియదు, పైగా మున్సిపాలిటీవాళ్ళు వానాకాలం బ్లీచింగ్ కలుపుతారు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం వంగి, ఆ తొట్టె ప్లగ్గును తన చేత్తోనే పీకింది.

"ఇది పోయింది తాతా," అంది. "నువ్వు బయట కూర్చో."

ఎవరూ అడగకుండానే, ఆ నీళ్ళు పోసినవాణ్ణి నేనే అని నా నోటితోనే చెప్పుకున్నాను. అప్పజెప్పే అలవాటు లేకపోతే ఆ మాట చెప్పేవాణ్ణా అని చాలాసార్లు ఆలోచించాను. చెప్పేవాణ్ణి కాదు. గర్వంగా చెప్పాను కాబట్టి బయటపడింది, సిగ్గుపడే పని అని తెలిసుంటే నా నోరు కచ్చితంగా ఇంకేదో కథ అల్లేది. చెప్పకపోయి ఉంటే దసరా దాకా అది తప్పుడు లెక్కలు కొలుచుకుంటూ ఉండేది. కుర్చీ తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. బావ నా పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా అంత బరువు లేవు.

అప్పుడు లారీ వచ్చింది. దాని వెనక కారులో రిజిస్ట్రారు. నలభై దాటని మనిషి, మర్యాదగానే ఉన్నాడు, చేతిలో ఫోను. కూలీలు కింది అంతస్తులో బల్లలు ఎత్తుతుంటే ఆయన నేరుగా పైకి వచ్చాడు. నా కుర్చీ ముందు ఆగి, మీరెవరని అడిగాడు.

అంత జరిగాక కూడా నా నోరు ఊరుకోలేదు. రిటైరైన ప్లాంటు కార్మికులం, ఈ గది జోలికొస్తే టౌన్‌షిప్‌లో అన్ని సెక్టార్ల పెన్షనర్లూ కదిలి వస్తారు, మెట్ల మీద కూర్చుంటారు, మీ లారీ కదలదు అన్నాను. ఆయన వరండాలో అటూ ఇటూ చూశాడు. ఉన్నది మేమిద్దరం, అందులో ఒకడు నడుం పట్టుకుని ఉన్నాడు.

"ఆనే దీజియే బాబూజీ," అన్నాడు. రానివ్వండి. "కుర్చీలు మోయడానికి మాకు మనుషులు తక్కువయ్యారు."

కూలీలు నవ్వారు. బావ కూడా నవ్వాడు, ద్రోహి.

పిల్ల లోపలి నుంచి వచ్చింది. చేతిలో ట్రే ఉంది. ట్రేలో ఆరో తొట్టెలోంచి తీసిన పలకలు, గీతల వెంబడి ఎర్రగా. అది మాట్లాడింది హిందీలో. నేను తెలుగులో రాస్తున్నాను, ఈ ఒక్కచోట రవ్వంత కూడా పెంచకుండా.

"సర్, ఈ తొట్టె ఇందాకే పోయింది. పొరపాటు మా తాతది. దాని ప్లగ్గు నేనే తీశాను. నా థీసిస్‌లో ఒక పేజీ ఉంటుంది, ఏ తొట్టె ఎందుకు ఆగిపోయిందో రాసే పేజీ. అది రాయకుండా నా కొలతలు ఎవరూ ఒప్పుకోరు. ఈ తొట్టె దగ్గర మా తాత అని రాస్తాను. మిగతా అయిదింటి దగ్గర ఎవరి పేరు రాయమంటారు?"

రిజిస్ట్రారు నవ్వే ప్రయత్నం చేశాడు. యూనివర్సిటీ నిర్ణయం అని రాసుకో అన్నాడు.

"నిర్ణయం వచ్చి ప్లగ్గు తియ్యదు సర్. చెయ్యి తీస్తుంది. లారీవాళ్ళకు చెప్పకండి, వాళ్ళకేమీ తెలియదు. మీరే రండి. ప్లగ్గులు ఎడమ వైపు గోడకున్నాయి."

పక్కకు తప్పుకుని గుమ్మం ఖాళీ చేసింది. ఆయన మీంచి చూపు తిప్పలేదు. నేను ఆ పిల్లకు రిలీవరు గురించి చెప్పాను కానీ ఇలా నిలబడమని చెప్పలేదు. నాకే రాదు. నేను నిలబడ్డ ప్రతిసారీ ముందు ఒక గొప్ప చెప్పుకుని నిలబడ్డాను. అది తన ఇంట్లోవాడి తప్పు ముందు చెప్పి నిలబడింది.

ఆయన గదిలోకి వెళ్ళాడు. మేం గుమ్మంలోంచి చూశాం. తొట్టెల ముందు నిలబడ్డాడు, ఎడమ గోడ వైపు చూశాడు. బహుశా ఉప్పూ నీళ్ళే అని ఆయన అన్ననాటికి ఈ గదిని ఒక్కసారైనా చూసి ఉండడు. దారానికి వేలాడుతున్న పలకల మీద పిల్ల రాసిపెట్టిన చిన్న చిన్న గుర్తులు, ఒక్కొక్క గీత పక్కన తుప్పు పాకిన అంచు, అన్నీ కొద్దిసేపు చూశాడు. తర్వాత బయటికొచ్చి, మెట్ల మలుపులోకి దిగి, ఎవరితోనో ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. మాటలు వినపడలేదు. ఒకసారి మాత్రం గొంతు పెంచి, మీరే వచ్చి తియ్యండి సర్ అయితే, అనడం విన్నాం. బావ నా భుజం మీద గట్టిగా చరిచాడు.

పైకి వచ్చి షరతులు చెప్పాడు. దసరా దాకా ఆ గది ఉంటుంది. కరెంటు ఉంటుంది. మిగతా మేడంతా ఖాళీ. ఏమైనా జరిగితే విశ్వవిద్యాలయానికి బాధ్యత లేదు. గదిలోకి పరిశోధక విద్యార్థిని తప్ప బయటివాళ్ళు పోకూడదు. ఈ చివరి షరతు చెప్పేటప్పుడు నా వైపు చూశాడు. పిల్ల కూడా నా వైపే చూసి, మంజూరే సర్ అంది.

లారీ బల్లలూ బీరువాలూ ఫ్యాన్లూ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి వారం ఆ గది గుమ్మం మీద ఒక కొత్త బోర్డు వచ్చింది. దీర్ఘకాల ప్రయోగాల విశిష్ట కేంద్రం అని ఇంగ్లీషులో, బంగారు రంగు అక్షరాలతో. తనిఖీ బృందాన్ని కొత్త క్యాంపస్ నుంచి కార్లలో ఇక్కడికి కూడా తీసుకొచ్చి, ఇది మా రెండో క్యాంపస్, ఇక్కడ దీర్ఘకాల ప్రయోగాలు మాత్రమే చేస్తాం అని చూపించారు. నేను గేటు బయట నిలబడి విన్నాను. అయిదు చేపల తొట్టెలకు విశిష్ట కేంద్రం. నా జీవితంలో నేను అంత పెంచలేదు, ఆ విద్యలో నాకంటే పెద్దవాళ్ళున్నారని మొదటిసారి ఒప్పుకున్నాను.

పోయిన తొట్టె పోయిందే. అందులోనిది ఒక రకం రంగు. ఆ రకం మీద దాని థీసిస్‌లో ఇక ఏమీ ఉండదు. అయిదు రకాలతో డాక్టరేటు వస్తుందా అని అడిగితే, రావచ్చు, మేడమ్ అడిగి చూస్తానన్నారు అంది. ఆ రావచ్చులో ఎంత భాగం నా రెండు గిన్నెల నీళ్ళదో నేను అడగలేదు, అది చెప్పలేదు. మొన్న ఆ పేజీ రాసిందట. నాకు చూపించింది. నా పేరు లేదు. పర్యవేక్షణ లేని వ్యక్తి అని ఉంది. నాకు అంతకంటే మంచి బిరుదు ఎవరూ ఇవ్వలేదు అన్నాను. అది నవ్వలేదు కానీ, ఆ రోజు సాయంత్రం నా కంచంలో తన వాటా అప్పడం కూడా వేసింది.

ఇప్పుడు పొద్దున్న బావ, మధ్యాహ్నం నేను, వరండాలో కూర్చుంటున్నాం. లోపలికి పోము. బావ వస్తూనే గది తలుపు మీద చెయ్యి ఆనిస్తాడు, హీటర్ల రొద వినిపిస్తే తల ఊపుతాడు. చీకటి పడ్డాక గార్డు చూసుకుంటాడు. టీ కొట్టు దగ్గర ఎవరో మొన్న ఈ విశ్వవిద్యాలయాన్ని సోఫాల కొట్టు అంటే, ఇంతింత కళ్ళు చేసుకుని వాడి మీదికి వెళ్ళింది బావే. ఆ మాట ఆయన సొంతం, ఇంకెవరూ అనడానికి లేదట.

మేడ యజమాని ఇక మిగతా గదులు ఎవరికో ఇవ్వాలని మనుషుల్ని పంపుతున్నాడు. జిమ్ పెడతామని ఒకరు వచ్చారు, పెళ్ళిబట్టల దుకాణమని ఇంకొకరు. వచ్చిన ప్రతివాడూ కొలతలు తీసుకుంటూ పైకి వచ్చి, ఈ గది ఎప్పుడు ఖాళీ అవుతుంది, కరెంటు ఇప్పుడే తీసేస్తే వైరింగు చూసుకుంటాం కదా అంటాడు. దసరా దాకా ఇది నడుస్తుంది అని చెప్తున్నాను. దీని కరెంటు తియ్యాలంటే ముందు నా కుర్చీ దాటాలి అని కూడా చెప్తున్నాను. నిజానికి వరండా చాలా వెడల్పు. కుర్చీ పక్కనుంచి ఇద్దరు మనుషులు చేతులూపుకుంటూ వెళ్ళిపోవచ్చు. ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదు.